టెలిఫోను తీగె, టెలివిజను కేబులు: ఇంటికి ఇంటర్నెట్టు వచ్చిన రెండు దారులు

ఇరవయ్యవ శతాబ్దము ముగియు నాటికి పట్టణములలోని అనేక గృహములకు రెండు తీగెలు వచ్చి చేరియుండెను. ఒకటి టెలిఫోనుది, రెండవది టెలివిజనుది. ఒకటి మాట్లాడుటకు వేసినది, రెండవది బొమ్మ చూచుటకు వేసినది. ఇంటర్నెట్టు కొరకు వేసినది ఏదియు లేదు. కాని ఇంటింటికి మూడవ తీగె వేయవలెనన్న వీధులన్నియు త్రవ్వవలెను; ఆ వ్యయమునకు ఎవరును సాహసింపలేదు. అందుచేత ఉన్న తీగెల చేతనే ఈ కొత్త చాకిరి చేయించుట ఎట్లా యని ఇంజనీర్లు ఆలోచించిరి. టెలిఫోను తీగెపై నడచు పద్ధతికి డి.ఎస్.ఎల్. అని పేరు. టెలివిజను తీగెపై నడచునది కేబులు మోడెము పద్ధతి.

ఈ రెండింటిలో ఏది మేలు అని విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. దీనికి బజారులో ఒక సమాధానము సిద్ధముగా ఉన్నది: "డి.ఎస్.ఎల్. తీగె మీ ఒక్కరిదే, కనుక నిలకడ. కేబులు వాడకంతటికి ఉమ్మడి, కనుక సాయంకాలము నెమ్మదించును." ఈ సమాధానములో సగము నిజమున్నది. తక్కిన సగము తెలియవలెనన్న తీగెల లోనికే తొంగి చూడవలెను.

రెండు తీగెల తీరు

టెలిఫోను తీగె యనునది ఒకదానితో ఒకటి పెనవేసిన రెండు సన్నని రాగి తీగెల జంట. ఒక్కొక్కటి సుమారు అర మిల్లీమీటరు మందము. పెనవేయుట అందము కొరకు కాదు. ప్రక్క లైనుల నుండి వచ్చు రొద పెనవేసిన రెండు తీగెలపైనను దాదాపు సమానముగా పడును. గ్రహించు పరికరము రెండింటి మధ్య గల భేదమును మాత్రమే చూచును గనుక సమానముగా పడిన రొద చాలవరకు కొట్టుకొని పోవును. టెలిఫోనుకు ఆద్యుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో ఈ జంట తీగెకు పేటెంటు పొందెను.

టెలివిజను కేబులు నిర్మాణము వేరు. నడుమ ఒక లోహపు తీగె, దాని చుట్టును ప్లాస్టిక్ బంధకము, దానిపై సన్నని లోహపు జాలె తొడుగు, అన్నిటికి పైన నల్లని కవచము. సంకేతము నడిమి తీగెకును తొడుగునకును మధ్య ఉన్న చోటులోనే బందీయై ప్రయాణించును. లోపలిది బయటికి పోదు, బయటి రొద లోనికి రాదు. తొడుగు చెక్కు చెదరకుండ ఉన్నంత వరకు సుమా! ఈ షరతుతో మనకు ముందు పని పడును.

ఈ ఏకాక్ష తీగెకు 1880లో ఇంగ్లాండులో పేటెంటు తీసికొన్నవాడు ఆలివర్ హెవిసైడ్. పదునారేండ్లకే బడి మాని, స్వయంకృషితో గణితము నేర్చిన మేధావి. దూరపు టెలిఫోను తీగెలలో ప్రేరకత్వమును పెంచినచో మాట చెడకుండ పోవునని 1887లో సిద్ధాంతము చెప్పినవాడును ఆయనయే. ఆ శతాబ్దము చివర అమెరికాలో క్యాంప్‌బెల్, ప్యూపిన్ అనువారు తీగెల నడుమ అక్కడక్కడ ప్రేరక చుట్టలను చేర్చి ఆ సిద్ధాంతమును ఆచరణలో పెట్టిరి. ఈ చుట్టలు మాటకు సంబంధించిన పౌనఃపున్యములను కాపాడును గాని అంతకు పైబడిన వానిని త్రుంచివేయును. నూరు సంవత్సరముల తరువాత డి.ఎస్.ఎల్. వచ్చినప్పుడు అమెరికాలో దూరపు లైనుల నుండి ఈ చుట్టలను వెదకి వెదకి తీసివేయవలసి వచ్చెను. కేబులు తీగెను ప్రసాదించిన మహానుభావుని సూత్రమే దాని పోటీదారునకు అడ్డు తగిలినదన్న మాట!

మాటకు పైన ఖాళీగా ఉన్న మేడ

టెలిఫోనులో మన మాటకు కేటాయించిన పౌనఃపున్యములు 300 మొదలు 3400 వరకు, అనగా 3100 హెర్ట్‌జుల వెడల్పు. ఒక దారిలో సెకనుకు ఎన్ని బిట్లు పోగలవో రెండు విషయములు నిర్ణయించునని 1948లో క్లాడ్ షానన్ నిరూపించెను. ఒకటి దారి వెడల్పు, రెండవది రొదకు సంకేతము ఎన్ని రెట్లున్నదను లెక్క. టెలిఫోనులో సంకేతము రొదకు 3000 రెట్లున్నదనుకొన్నచో షానన్ సూత్రము ప్రకారము సెకనుకు సుమారు 36 వేల బిట్లు పోవచ్చును. ఎక్స్చేంజిలు డిజిటల్ అయిన తరువాత ఇంటివైపు వచ్చు దారిలో దీనిని 56 వేల వరకు సాగదీసిరి. కీచుమను ధ్వనులతో మొదలగు పాత డయలప్ మోడెములను ఎరిగినవారికి ఆ వేగము ఎట్టిదో చెప్పనక్కరలేదు.

ఐతే 3400 వద్ద గీచిన ఆ గీత తీగెది కాదు, ఎక్స్చేంజిలోని వడపోతది. తీగె తనంత తాను పది లక్షల హెర్ట్‌జులను కూడ మోయగలదు, కొంత దూరము వరకు. క్రింది అంతస్తులో కాపురముండి పై అంతస్తులన్నియు తాళము వేసి ఉంచిన మేడ వంటిది ఆ తీగె. డి.ఎస్.ఎల్. ఆ తాళము తీసెను. ఎక్స్చేంజిలో వడపోతకు ముందే తీగెను చీల్చి ఒక కొమ్మను మాటకు, ఒక కొమ్మను మోడెముకు ఇచ్చిరి. 4 కిలోహెర్ట్‌జుల లోపల మాట. సుమారు 25 మొదలు 138 వరకు ఇంటి నుండి బయటికి పోవు సమాచారము. 138 మొదలు 1104 వరకు ఇంటికి వచ్చు సమాచారము. ఇంటికి వచ్చు దానిని దిగువ దారి అనియు, ఇంటి నుండి పోవు దానిని ఎగువ దారి అనియు పిలుచుకొందము.

ఇంత వెడల్పును ఒకే ముక్కగా వాడరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ సియాఫీ బృందము దీనిని 4.3125 కిలోహెర్ట్‌జుల చొప్పున సన్నని పాయలుగా విభజించెను. మొత్తము 256 పాయలు. ఒక్కొక్క పాయ సెకనుకు 4000 సార్లు సంకేతమును మార్చును. పాయ నిర్మలముగా ఉన్నచో ఒక్కొక్క మార్పులో 15 బిట్ల వరకు ఇముడును, రొదగా ఉన్నచో రెండో మూడో. 200 పాయలు సగటున 10 బిట్లు మోసినను 200 × 10 × 4000, అనగా సెకనుకు 80 లక్షల బిట్లు. మొదటి తరపు డి.ఎస్.ఎల్. ప్రకటనలలో కనబడిన 8 మెగాబిట్లు ఇవియే. 1993లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో ప్రత్యర్థి పద్ధతులతో జరిగిన పోటీ పరీక్షలో ఈ పాయల పద్ధతియే గెలిచినది.

పాయల పద్ధతి ఎంత తెలివైనదో మనకు తెలిసిన ఉదాహరణముతో చెప్పవచ్చును. రేడియో మధ్యతరంగ కేంద్రములు పనిచేయునది ఈ పౌనఃపున్యములలోనే. విజయవాడ కేంద్రము శ్రోతలకు పరిచితమైనది 837 కిలోహెర్ట్‌జుల వద్ద, హైదరాబాదు 738 వద్ద. గాలిలో వ్రేలాడు టెలిఫోను తీగె రేడియో ఏరియలు వలె ఆ ప్రసారమును కూడ పట్టుకొనును. 837ను 4.3125 చేత భాగించినచో 194 వచ్చును. అనగా విజయవాడలో అట్టి తీగెపై 194వ పాయలో రేడియో సంగీతము వినవచ్చునన్న మాట. మోడెము మొదట ప్రతి పాయను పరీక్షించి చూచి, ఆ పాయకును దాని ఇరుగుపొరుగునకును బరువు తగ్గించి, తక్కిన వానిపై మోపును. మధ్యమధ్య వేగము ఒక మెట్టు దిగి నిలిచిపోవుటకు ఇట్టివియే కొన్ని కారణములు.

శివారు భూముల కష్టము

డి.ఎస్.ఎల్.కు అసలు శత్రువు దూరము. పౌనఃపున్యము పెరిగిన కొలది విద్యుత్తు తీగె పైపొరకే పరిమితమై ప్రవహించును, నిరోధము పెరుగును. డెసిబెల్లులలో లెక్కించిన క్షీణత ఇంచుమించుగా పౌనఃపున్యపు వర్గమూలము ననుసరించి పెరుగును. ఒక లైనులో 138 కిలోహెర్ట్‌జుల పాయ 20 డెసిబెల్లులు నష్టపోవుచున్నదనుకొనుడు. అనగా నూరవ వంతు మిగిలినది. అదే లైనులో దానికి 8 రెట్లయిన 1104 వద్ద నష్టము సుమారు 56 డెసిబెల్లులు. నాలుగు లక్షలలో ఒక వంతు మాత్రమే చేరును. కావున దూరము పెరిగిన కొలది పై పాయలు ఒక్కటొక్కటిగా మూగవోవును. ఎక్స్చేంజి ప్రక్క ఇంటిలో 8 మెగాబిట్లు వచ్చిన లైను 5 కిలోమీటర్ల దూరములో ఒక మెగాబిట్టుకు కూడ ఆపసోపాలు పడును. తరువాత వచ్చిన ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్ 24 మెగాబిట్ల వరకును, వి.డి.ఎస్.ఎల్. 2 అనునది నూరు మెగాబిట్ల వరకును ఎగబ్రాకినవి గాని, ఆ అదనపు వేగమంతయు ఇంకను పై పౌనఃపున్యములలో ఉన్నది గనుక అది దగ్గరి ఇండ్లకే దక్కినది. కాలువ మొదట ఉన్న పొలమునకు నీరు, శివారు పొలమునకు నిట్టూర్పు. డెల్టా రైతులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

కేబులు లెక్క

కేబులు టెలివిజను అమెరికాలో 1948 ప్రాంతమున పెన్సిల్వేనియా, ఒరెగాన్ కొండ ప్రాంతములలో పుట్టినది. కొండల చాటున బొమ్మ రాని ఊళ్లకు ఎత్తున ఒక ఏరియలు పెట్టి అక్కడి నుండి తీగె ద్వారా ఇంటింటికి పంచిరి. ఈ పుట్టుక దాని స్వభావమును నిర్ణయించినది. ఒకచోట నుండి అందరికి ఒకే బొమ్మ పోవలెను. తిరిగి ఏమియు రానక్కరలేదు. అందుచేత అది చెట్టు కొమ్మల వలె చీలుచు పోయిన ఉమ్మడి తీగె. టెలిఫోను అట్లు కాదు. ఎవరి మాట వారిది గనుక ఇంటింటికి ఎక్స్చేంజి నుండి ఒక జంట పోవలెను.

ఏకాక్ష తీగె వెడల్పు అపారము. 750 మెగాహెర్ట్‌జులు, కొన్నిచోట్ల అంతకు పైగా. కొన్ని వందల మీటర్లకొకచోట వర్ధకములను పెట్టి క్షీణతను పూరించుచు పోవుదురు గనుక శివారు ఇంటికిని మొదటి ఇంటికిని పెద్ద తేడా ఉండదు. 6 మెగాహెర్ట్‌జుల వెడల్పు గల అమెరికా టెలివిజను చానెలు ఒక్కటి ఖాళీ చేసి ఇచ్చిన చాలును, సెకనుకు సుమారు 38 మెగాబిట్లు పంపవచ్చును. 1997లో డాక్సిస్ అను ప్రమాణము వచ్చి ఈ పద్ధతిని స్థిరపరచినది. 2006 నాటి మూడవ ప్రమాణములో అనేక చానెళ్లను జతకట్టుట సాధ్యమైనది.

ఐతే ఆ 38 మెగాబిట్లు ఒక ఇంటివి కావు. ఊరి నడుమ ఒక కూడలి వరకు కాంతి తంతువు వచ్చును; అక్కడి నుండి ఏకాక్ష తీగె చీలును. 1990 దశకములో ఒక కూడలి క్రింద 500 మొదలు 2000 ఇండ్ల వరకు ఉండెడివి. వారిలో 38 మంది ఒకేసారి పెద్ద ఫైలు దింపుకొన్నచో తలకొక మెగాబిట్టు. కాని చదువరి పుటను తెరచుటకు ఒక క్షణము, చదువుటకు రెండు నిమిషములు తీసికొనును. అందరును ఒకే క్షణమున అడుగరు గనుకనే ఉమ్మడి దారి పనిచేయుచున్నది. అందరును గంటల తరబడి సినిమాలు చూచు కాలము వచ్చిన తరువాత ఈ లెక్క తప్పినది. కూడలులను చీల్చి ఇండ్ల సంఖ్యను తగ్గించవలసి వచ్చెను.

డి.ఎస్.ఎల్. కూడ ఎక్స్చేంజి వరకే "మీ ఒక్కరిది". అక్కడ వందలాది లైనులు ఒక పెట్టెలో కలిసి ఒకే పెద్ద దారిన బయలుదేరును. పెరటి బావి మనదే గాని భూమిలోని నీరు ఊరందరిది. కేబులులో రద్దీ వీధి చివర మొదలగును, డి.ఎస్.ఎల్.లో ఎక్స్చేంజి దాటిన తరువాత మొదలగును. భేదమంతయు ఇంతియే.

ఎగువ దారి ఎందుకు ఇరుకు?

నా దృష్టిలో వేగము కంటె ముఖ్యమైన ప్రశ్న ఇది. రెండు పద్ధతులలోను ఇంటి నుండి పోవు దారి ఇరుకే. కాని కారణములు పూర్తిగా వేరు.

టెలిఫోను తీగెలు ఎక్స్చేంజి దగ్గర వందల జంటలుగా ఒకే కట్టలో ఇరికి ఉండును. అక్కడ బయలుదేరు దిగువ సంకేతములు బలముగా ఉండును. దూరపు ఇండ్ల నుండి వచ్చిన ఎగువ సంకేతములు నీరసించి చేరును. రెండును ఒకే పౌనఃపున్యముల వద్ద ఉన్నచో ప్రక్కవాని కేక మన గుసగుసను మ్రింగివేయును. ఇంటి చివర ఈ బాధ తక్కువ. అక్కడ తీగెలు విడివడి పోయియుండును. రెండు దిక్కులకు సమాన వేగము ఇవ్వవలెనను పట్టుదల వదలి, ఎగువకు కొంచెము, దిగువకు ఎక్కువ ఇచ్చినచో మొత్తము లాభమని బెల్‌కోర్‌కు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ 1980 దశకము చివర గుర్తించెను. డి.ఎస్.ఎల్.కు ముందు తగిలించు "ఎ" అను అక్షరము అసమానతకు గుర్తు. ఆనాటి ఉద్దేశము సినిమాలను ఇంటికి పంపుట. ఇంటి నుండి పోవలసినది ఏ సినిమా కావలెనో చెప్పు చిన్న కోరిక మాత్రమే.

కేబులులో కారణము చారిత్రకము. 54 మెగాహెర్ట్‌జుల నుండి పైనంతయు అమెరికాలో టెలివిజను చానెళ్లు ఆక్రమించుకొన్నవి. ఎగువ దారికి మిగిలినది 5 మొదలు 42 వరకు గల అడుగు భాగము. ఇంట్లో మిక్సీ, పాత ఫ్యాను రెగ్యులేటరు, వదులైన స్విచ్చి మొదలగునవి పుట్టించు నిప్పురవ్వల రొద పడునది ఈ అడుగు భాగముననే. ఇందాక చెప్పిన షరతు ఇక్కడ అక్కరకు వచ్చును. ఒక ఇంటిలో కేబులు కొస వదులైనను, తొడుగు చినిగినను ఆ రొద తీగెలో జొరబడును. దిగువ దారిలో ఐనచో ఆ నష్టము ఆ ఇంటిది మాత్రమే. ఎగువ దారిలో అట్లు కాదు. వందల ఇండ్ల కొమ్మలు ఒకే మొదలులోనికి కలియును గనుక అన్ని ఇండ్ల రొదయు గరాటులో పోసినట్లు ఒకచోటికి చేరును. ఎవరి ఇంటిలోనో మిక్సీ తిరిగినచో నలుగురి మాట తెగిపోవచ్చును. పైగా అందరు మోడెములును ఒకేసారి మాట్లాడకూడదు. ప్రతి మోడెము ముందుగా కేంద్రము అనుమతి కోరి, తనకిచ్చిన క్షణములోనే పంపవలెను. పంక్తి భోజనమున విస్తరి ముందు కూర్చుండి వడ్డన కొరకు చూచునట్లు.

ఎగువ దారి ఇరుకైన నేమి, మనము పంపునది స్వల్పమే గదా అనవచ్చును. 2020 వరకు అట్లే అనిరి. ఆ సంవత్సరము కళాశాలలు మూతబడి పాఠములు ఇంటికి వచ్చినప్పుడు విషయము బోధపడినది. ముఖము స్పష్టముగా కనబడు వీడియో సంభాషణకు ఎగువకు కూడ సుమారు ఒక మెగాబిట్టు కావలెను. ఎ.డి.ఎస్.ఎల్. ఎగువ దారి మొత్తము ఇంచుమించు అంతే. అన్న పరీక్షకును చెల్లెలు పాఠమునకును ఒకేసారి కూర్చున్న ఇంటిలో ఒకరి గొంతు తెగవలసినదే. ఇంతియే గాక, దిగువకు వచ్చిన సమాచారము అందినట్లు మన కంప్యూటరు ఎప్పటికప్పుడు ఎగువకు రసీదులు పంపుచుండవలెను. రసీదు ఆలస్యమైనచో పంపువాడు తగ్గి పంపును. ఫోనులోని ఫోటోలు తమంతట తాము ఎగువకు ఎక్కుచున్నప్పుడు చూచుచున్న సినిమా ఆగిపోవుటకు కారణము ఇది. దిగువ దారి ఖాళీగానే ఉన్నది. రసీదులు గుమ్మములో నిలిచిపోయినవి.

మన ప్రాంతమున

మన దేశమున 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానము సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగముగా నిర్ణయించెను. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. డి.ఎస్.ఎల్. సేవను ఆరంభించినది. కేబులు తీగెలు మన పట్టణములలో అప్పటికే ఉన్నవి. 1990 దశకములో చిన్న చిన్న ఆపరేటర్లు ఇండ్ల కప్పుల మీదుగా, స్తంభముల మీదుగా లాగినవి. కాని వానిలోని వర్ధకములు చాలవరకు ఒకవైపే పనిచేయును. ఎగువ దారి కావలెనన్న వాని నన్నిటిని మార్చి, ఇంటింటి కొసలను బిగించవలెను. హాత్‌వే వంటి కొన్ని సంస్థలు కొన్ని నగరములలో అట్లు చేసినవి గాని తక్కినచోట్ల టెలిఫోను తీగెయే ముందు నడచినది. 2013లో హైదరాబాదు, విశాఖపట్నములలో కేబులు టెలివిజను డిజిటల్ అయినది. డిజిటల్ అయినంత మాత్రమున తిరుగు దారి ఏర్పడదని గుర్తించవలెను.

ఇక్కడ మాటల గందరగోళము కొంత కలదు. కేబులు ఆపరేటరు ఇచ్చిన దానినెల్ల మనవారు "కేబులు నెట్టు" అందురు. తీరా చూచినచో ఇంటిలోనికి వచ్చునది కంప్యూటర్ల నెట్‌వర్కులో వాడు ఎనిమిది తీగెల ఈథర్‌నెట్ కేబులో, కాంతి తంతువో కావచ్చును. ఏకాక్ష తీగె టెలివిజనుకే పోవును. కావున బేరమాడుటకు ముందు ఏ తీగె వచ్చుచున్నదో కంటితో చూచుట మంచిది.

డి.ఎస్.ఎల్. ఇంకను ఉన్నవారు మోడెము యొక్క స్థితి పుటను తెరచి రెండు అంకెలు చూడవచ్చును. లైను క్షీణత 20 డెసిబెల్లుల లోపున్నచో అదృష్టవంతులు. 60 దాటినచో లైను నిలుచుటయే గొప్ప. రొదకు పైన మిగిలిన బలమును తెలుపు రెండవ అంకె 6కు తగ్గినచో లైను తెగుచుండును. వర్షము కురిసినప్పుడే అది తగ్గుచున్నచో దోషము దూరములో లేదు, ఎక్కడో అతుకులో నీరు చేరినది. మొదటి దోషమునకు మందు లేదు. రెండవ దానికి ఫిర్యాదు చేయవచ్చును. కేబులు మోడెము గలవారు అడుగవలసిన ప్రశ్న వేరు: కూడలి క్రింద ఎన్ని ఇండ్లు, ఎగువ వేగమెంత? "వరకు" అను మాటతో ముగియు ప్రకటనలలో రెండవ అంకెను సాధారణముగా చిన్న అక్షరములలో వేయుదురు.

అమెరికాలో ఈ పోటీ దాదాపు ముగిసినది. అక్కడ 2024లో ప్రభుత్వ సంఘము బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు దిగువకు 100, ఎగువకు 20 మెగాబిట్లు కావలెనని నిర్ణయించెను, సాధారణ డి.ఎస్.ఎల్.కు ఆ ఎగువ అంకె అందదు. ఏ.టి. అండ్ టి. సంస్థ 2020 అక్టోబరు నుండియే కొత్త డి.ఎస్.ఎల్. కనెక్షన్లు ఇచ్చుట మానినది. కేబులు సంస్థలు టెలివిజను చానెళ్లను జరిపి, ఎగువ దారి హద్దును 42 నుండి 85కు, కొన్నిచోట్ల 204 మెగాహెర్ట్‌జులకు పెంచుకొనుచున్నవి.

మన దేశమున కనీస వేగము 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగినది. బి.ఎస్.ఎన్.ఎల్. తన రాగి లైనుల స్థానమున కాంతి తంతువులను వేయుచు వచ్చినది. 2017 డిసెంబరులో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన తంతువును భూమిలో పాతక విద్యుత్ స్తంభముల మీదుగానే ఊరూరికి లాగినది. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును ఆ వెంట్రుక వాటి గాజు పోగులోనే వచ్చును. స్తంభము నుండి ఇంటి వరకు దానిని తెచ్చి బిగించునది మాత్రము ఆ పాత కేబులు ఆపరేటర్లే.